నల్లరేగడిలో 3.75 మీటర్ల రోడ్డు 7 మీటర్లకు వెడల్పు: జాయింట్ వెంట చీలిక రాకుండా ఎట్టా?

పొదిలి_సబ్ · 1

దేశమంతా రోడ్లు, టౌన్ పనులు చేసే కంపెనీ ప్యాకేజీలో 6 కి.మీ. సబ్‌ వర్క్. మట్టి పని నుంచి డబ్ల్యూఎంఎం (తడి కలిపి దట్టించే కంకర పొర) దాకా మా వంతు, తారు వాళ్ళ ప్లాంటు నుంచి. పాత తారు రోడ్డు 3.75 మీ. డ్రాయింగ్ ప్రకారం అటూ ఇటూ 1.625 మీ. చొప్పున పెంచి 7 మీ. చేయాలి. సబ్‌గ్రేడ్ (రోడ్డు పొరల కింద దట్టించిన మట్టి) 500 మి.మీ., జీఎస్‌బీ (దాని మీద గ్రావెల్, కంకర పొర) 200, డబ్ల్యూఎంఎం 250, పైన తారు పొరలు 50 డీబీఎం, 40 బీసీ. మట్టి అచ్చం నల్లరేగడి, ఫ్రీ స్వెల్ (నీళ్ళకి ఉబ్బే గుణం) 85 శాతం. ఈ చుట్టుపక్కల వెడల్పు చేసిన రోడ్లన్నిటికీ ఏప్రిల్, మే వచ్చేసరికి పాత అంచు వెంబడి పొడుగునా చీలిక వస్తోంది. కొన్నిచోట్ల వేలు దూరుతుంది. తారులో లోపమా, మట్టిలో లోపమా? పని మొదలుపెట్టకముందే ఏం మార్చమని అడగాలి?

నల్లరేగడి · 2

తారుది కాదు. ముందు డ్రాయింగ్‌లో 1.625 దగ్గర ఆగు. మామూలు 10 టన్నుల సాయిల్ కాంపాక్టర్ డ్రమ్ము వెడల్పే 2.1 మీటర్ల పైచిలుకు ఉంటుంది. 1.6 మీటర్ల గాడిలోకి అది దిగదు. దిగకపోతే సైట్‌లో జరిగేది ఒక్కటే: టిప్పర్లతో పోసి, జేసీబీ బకెట్‌తో అదిమి, పైన నీళ్ళు చల్లి, చివరి పొర మీద మాత్రం రోలర్ తిప్పుతారు. పైపొరకి డెన్సిటీ వస్తుంది, కింద మూడు పొరలు గుల్ల. పాత రోడ్డేమో ఇరవై ఏళ్ళ ట్రాఫిక్‌కి గట్టిపడి ఉంది. ఒకటి దిగుతుంది, ఒకటి దిగదు, మధ్యలో చీలిక.

కాబట్టి మొదటి మాట: వెడల్పు మొత్తం 3.25 మీ. ఒకే పక్కకి పెట్టమని అడుగు. రోలర్‌కి, గ్రేడర్‌కి చోటు దొరుకుతుంది. జాయింట్ కూడా రెండు బదులు ఒకటే.

రెండోది బెంచింగ్. పాత కట్ట వాలు మీద గడ్డి, వేళ్ళు తీసేసి మెట్లు కొయ్యాలి. మెట్టు కనీసం 300 మి.మీ. అని మోర్త్ (కేంద్ర రోడ్డు రవాణా శాఖ) స్పెసిఫికేషన్ అంటుంది, 500 కొడితే ఇంకా నయం. కొత్త పొర ఒక్కొక్కటీ ఒక మెట్టు మీద ఎక్కి కూర్చోవాలి. వాలు మీద నేరుగా మట్టి జార్చి పోస్తే ఆ వాలే రేపు జారుడు బండ.

పాత_ఏఈ · 3

> వెడల్పు మొత్తం ఒకే పక్కకి

చెప్పడం తేలికే. క్రౌన్ (రోడ్డు మధ్య ఎత్తైన గీత) సంగతి? పాత మధ్యగీత ఒక అంచు నుంచి 1.875 మీ. దగ్గర ఉంది, కొత్తది 3.5 మీ. దగ్గరికి పోతుంది. 2.5 శాతం క్యాంబర్‌కి (మధ్య నుంచి అంచుకి వాలు) లెక్క వేయండి. కొత్త క్రౌన్ దగ్గర 87 మి.మీ. ఎత్తు కావాలి. పాత రోడ్డు అక్కడికి అవతలి వాలులో దిగిపోయి 6 మి.మీ. దగ్గర ఉంటుంది. అంటే దాదాపు 80 మి.మీ. పూడ్చాలి, అదీ సున్నా నుంచి 80 దాకా ఏటవాలుగా. డబ్ల్యూఎంఎం 75 మి.మీ. కన్నా పల్చగా వేయకూడదు, సున్నాకి దించితే రాళ్ళు లేచిపోతాయి. డీబీఎంతో ప్రొఫైల్ కరెక్షన్ చేస్తే కి.మీ.కి 86 ఘనపు మీటర్లు, సుమారు 200 టన్నులు అదనం. కంపెనీ ప్లానింగ్ వాళ్ళు ఈ లెక్క చూడగానే "రెండు పక్కలే చేయండి" అంటారు. ఒక పక్కే స్తంభాలు, పంట కాలువ ఉంటే స్థలమూ దొరకదు.

నల్లరేగడి · 4

ఏఈ గారూ, లెక్క ఒప్పుకుంటా. అయితే పాత తారు ఎలాగూ పగిలి ఉంటుంది. 3.75నీ స్కారిఫై చేసి (గీరి లేపి), పాత కంకర విడదీసి, పనికొచ్చేది జీఎస్‌బీలో కలిపేసి, మొత్తం 7 మీటర్ల మీద ఒకే డబ్ల్యూఎంఎం వేస్తే క్రౌన్ సమస్య ఆ పొరలోనే తీరిపోతుంది. 250 మి.మీ. ఎలాగూ రెండు పొరలు, 125 చొప్పున. డీబీఎం అదనం ఉండదు. పాత రోడ్డు కింద పునాది బాగుందని బీమ్ టెస్టులో (బరువుకి రోడ్డు ఎంత కుంగుతుందో చూసేది) తేలితేనే దాన్ని కదపకుండా ఉంచాలి.

రెండు పక్కలా తప్పదంటే, పాత తారు అంచు నుంచి 500 మి.మీ. లోపలికి కోసేయాలి. అంచు ఎలాగూ నలిగి ఉంటుంది. అప్పుడు గాడి 2.1 దాటుతుంది, బయట బర్ము (తారు పక్క మట్టి అంచు) వెడల్పు కూడా కలుపుకుంటే కాంపాక్టర్ దిగుతుంది. ఆ మూలల్లో ప్లేట్ కాంపాక్టర్, ర్యామర్ తప్పదు, అదీ 100–150 మి.మీ. పొరల్లోనే.

ల్యాబ్_బాబాయ్ · 5

అసలు మట్టి దగ్గరికి రండి. ఫ్రీ స్వెల్ 50 శాతం దాటితే ఆ మట్టి ఫిల్లింగ్‌కే పనికిరాదు. తప్పక వాడినా సబ్‌గ్రేడ్‌లోనూ, దాని కింద 500 మి.మీ.లోనూ అసలు ఉండకూడదు. అంటే మొత్తం మీటరు మందం ఉబ్బని మట్టి రావాలి. మీ డ్రాయింగ్‌లో 500 మాత్రమే ఉందంటే అడగాల్సిన మొదటి ప్రశ్న అదే.

టెస్టు ఎవరి మాటా నమ్మక మీరే చేసుకోవచ్చు. 425 మైక్రాన్ జల్లెడ దాటిన ఎండు మట్టి 10 గ్రాములు చొప్పున రెండు, 100 మి.లీ. కొలజాడీల్లో వేసి, ఒకదాంట్లో డిస్టిల్డ్ వాటర్, ఇంకోదాంట్లో కిరోసిన్. గాజు కడ్డీతో కలిపి గాలి పోనిచ్చి 24 గంటలు వదిలేయండి. నీళ్ళ జాడీలో మట్టి ఎంత లేచిందో, కిరోసిన్ జాడీలో ఎంత ఉందో చూసి, తేడాని కిరోసిన్ కొలతతో భాగించి వందతో గుణించడమే. బోరు నీళ్ళతో చేస్తే అంకె తప్పొస్తుంది, మన వైపు నీళ్ళలో ఉప్పులెక్కువ.

ఇక గ్రావెల్. క్వారీ నుంచి "గ్రావెల్" అని వచ్చేదంతా గ్రావెల్ కాదు. పైన మొరం, కింద తెల్ల సుద్ద ఉండే క్వారీలు చాలా. ప్రతి క్వారీకీ, రంగు మారిన ప్రతిసారీ లిక్విడ్ లిమిట్, ప్లాస్టిక్ లిమిట్ (ఎంత తేమకి మెత్తబడుతుందో), ప్రొక్టార్ (ఎంత గట్టిగా దట్టమవుతుందో), నానబెట్టిన సీబీఆర్ (బరువు మోసే బలం) వేరుగా చేయాలి. సబ్‌గ్రేడ్ మట్టి గరిష్ఠ పొడి సాంద్రత ఘనపు సెంటీమీటరుకి 1.75 గ్రాములకి తగ్గకూడదు. ఫీల్డ్‌లో దాంట్లో 97 శాతం రావాలి, శాండ్ రీప్లేస్‌మెంట్‌తో (గుంట తీసి ఇసుక నింపి కొలిచే పద్ధతి). సీబీఆర్ నాలుగు రోజులు నానబెట్టాకే చూడాలి. పొడిది చూసి 12 వచ్చిందని మురిసిపోయి, నానితే 3కి పడిపోయే మట్టి బోలెడంత ఉంది.

నల్లరేగడి · 6

బాబాయ్ చెప్పిన మీటరు మందానికి ఒక మెలిక ఉంది, చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. చేను మట్టానికి సమంగా ఉన్న రోడ్డు పక్కన మీటరు లోతు నల్లమట్టి తవ్వి, అందులో రాళ్ళ గ్రావెల్ నింపితే ఏమవుతుంది? చుట్టూ నీళ్ళు వదలని బంకమట్టి, మధ్యలో నీళ్ళు పీల్చే గ్రావెల్. పొడుగాటి తొట్టి కట్టినట్టే. వాన నీళ్ళన్నీ అక్కడ చేరి, తొట్టి అడుగున ఉన్న రేగడి నాని ఉబ్బుతుంది. మంచి సామాను వేసి చెడగొట్టుకున్నట్టు.

కింది 500 మి.మీ.కి నీళ్ళు సులువుగా దిగని, జిగురున్న, అయినా ఉబ్బని ఎర్రమట్టి కావాలి. జల్లెడ పట్టినట్టుండే మొరం కాదు. పైన జీఎస్‌బీకి మాత్రం నీళ్ళు పారాలి, అదీ బర్ము కిందుగా పోయి కట్ట వాలు దగ్గర బయటికి తెరుచుకోవాలి. జీఎస్‌బీ 7 మీటర్లకే ఆపేసి, బర్ములో నల్లమట్టి నింపేస్తే నీళ్ళకి దారి లేదు. ఎస్టిమేట్‌లో బర్ము వెడల్పుకి జీఎస్‌బీ ఉందో లేదో చూడు. సగం చోట్ల ఉండదు.

ఎస్టిమేట్ · 7

లెక్క కావాలా? ఒక పక్క వెడల్పు, బర్ముతో కలిపి సగటున 5 మీ., లోతు 1 మీ. అనుకుంటే కి.మీ.కి 5,000 ఘనపు మీటర్లు, దట్టించాక. టిప్పర్‌లో వదులు మట్టి కాబట్టి 1.25తో గుణిస్తే 6,250. 12 ఘనపు మీటర్ల టిప్పర్‌కి 520 ట్రిప్పులు. 6 కి.మీ.కి 3,100 పైన. క్వారీ 20 కి.మీ. దూరం దాటితే మీ రేటు తిరగబడుతుంది, సంతకం పెట్టకముందే చూసుకోండి. తవ్విన నల్లమట్టిని ఎక్కడ పోయాలో కూడా రేటులో ఉండాలి. చేలల్లోకి ఎత్తించుకునే రైతులు ఉంటే అదృష్టం.

సున్నంతో స్థిరపరిస్తే: 4 మీ. వెడల్పు, 300 మి.మీ. పొర, కి.మీ.కి 1,200 ఘ.మీ. సుమారు 1,920 టన్నుల మట్టి. 4 శాతం సున్నం అంటే 77 టన్నులు. గ్రావెల్ దూరమైన చోట ఇది పోటీకి వస్తుంది.

కొత్త_మెంబర్_కనిగిరి · 8

ఇంత తవ్వకాలు ఎందుకు, జాయింట్ మీద జియోగ్రిడ్ (గట్టి ప్లాస్టిక్ వల) పరిస్తే పోదా?

నల్లరేగడి · 9

పోదు తమ్ముడూ. గ్రిడ్ పై బరువుని పంచుతుంది, చిన్న తేడాల్ని సర్దుతుంది. కింద మట్టి ఉబ్బి పైకి నెట్టడాన్నీ, ఎండకి కుంచించుకుపోయి లాగడాన్నీ అది ఆపలేదు. నీళ్ళు రావడం పోవడం ఆగితేనే ఆ కదలిక ఆగుతుంది. బెంచింగ్, దట్టింపు, డ్రైనేజీ అన్నీ అయ్యాక అదనపు భద్రతగా వేసుకో. వాటికి బదులుగా వేస్తే డబ్బు దండగ.

సున్నం వేసేవాళ్ళకి ఒక మాట. సంచులు బోర్లించి గ్రేడర్‌తో ఒకసారి తిప్పితే కలిసినట్టు కాదు. రోటవేటర్‌తో గడ్డ చితికి 26.5 మి.మీ. జల్లెడ మొత్తం దాటేలా చేయాలి, తడిపి ఒక రాత్రి మగ్గనివ్వాలి, మర్నాడు మళ్ళీ కలిపి దట్టించాలి. నెలల తరబడి టార్పాలిన్ కింద ఉన్న సున్నం గాలికే సగం చచ్చిపోయి ఉంటుంది. కాల్షియం ఆక్సైడ్ 70 శాతానికి తగ్గితే వెనక్కి పంపండి.

పాత_ఏఈ · 10

ఒక్కరూ అడగలేదు, పని ఎప్పుడు మొదలు? దేశమంతా తిరిగే కంపెనీల వర్క్ ప్రోగ్రాం చూస్తే, జూన్ నుంచి సెప్టెంబరు వానాకాలం, మిషనరీ రిపేర్లు. అక్టోబర్ 1న మట్టి పని జోరు. మధ్యప్రదేశ్‌కి, విదర్భకి అది సరైనదే. అక్కడా నల్లరేగడే, వాళ్ళకి ఆ మట్టి కొత్త కాదు. కొత్తేదంటే మన వాన. నెల్లూరు, ప్రకాశం తీరాలకి అసలు వాన ఈశాన్య రుతుపవనాలతో అక్టోబర్ నుంచి డిసెంబరు దాకా. వాళ్ళు మట్టి తవ్వి పెట్టే వారమే మనకి అల్పపీడనం. 2021 నవంబరులో పెన్నా వరదకి పడుగుపాడు దగ్గర జాతీయ రహదారే తెగి రాకపోకలు ఆగాయి. మిచాంగ్ తుపాను 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటింది. ఈ తేదీలు ప్రోగ్రాం పట్టికలో ఉండవు.

మన వైపు మట్టి పని జనవరిలో నేల ఆరాక మొదలుపెట్టి జూన్‌లోపు తారు కింద కప్పేయడం మంచిది. జులై నుంచి సెప్టెంబరు వరకు ఇక్కడ పని ఆపాల్సినంత వాన మామూలుగా ఉండదు, కల్వర్టులు ఆ నెలల్లో లేపుకోవచ్చు. అక్టోబర్ 15 నాటికి తవ్విన గాడి ఏదీ తెరిచి ఉండకూడదు. తప్పక తెరిస్తే ఒకరోజు పూడ్చగలిగినంతే తవ్వండి, 100 మీటర్లో 150 మీటర్లో.

హాట్‌మిక్స్ · 11

ఏఈ గారి మాటకి నా వంతు కలుపుతా. వానల ముందు హడావిడిగా డబ్ల్యూఎంఎం పూర్తి చేసి, ప్రైమ్ (కంకర మీద చల్లే పల్చటి తారు) లేకుండా వదిలేస్తారు. లారీలు తిరిగి పైన బూడిద లేస్తుంది, వానకి ఆ బూడిద బురదై కారిపోతుంది, కంకర పళ్ళు బయటపడతాయి. తర్వాత దాని మీద తారు వేస్తే అతుక్కోదు. డబ్ల్యూఎంఎం ఆరగానే ఊడ్చి, రాళ్ళ మొహాలు కనపడేలా చేసి, ఎస్‌ఎస్-1 ఎమల్షన్ చదరపు మీటరుకి 0.7 నుంచి 1.0 కిలో. 7 మీ. రోడ్డుకి 0.8 చొప్పున కి.మీ.కి 5.6 టన్నులు. 24 గంటలు ఏ బండీ ఎక్కకూడదు. తర్వాత ట్యాక్ కోట్ (పై పొర అతకడానికి తారు పూత) 0.25–0.30 కిలో.

బీసీ 40 మి.మీ. అయితే 1 కి.మీ. × 7 మీ.కి 280 ఘనపు మీటర్లు, సుమారు 670 టన్నుల మిక్స్. గ్రేడింగ్-2కి తారు కనీసం 5.4 శాతం, అంటే 36 టన్నులు. ట్యాంకర్ బిల్లులు, ప్లాంటు లాగ్ కలిపి చూస్తే తారు ఎగ్గొట్టింది అక్కడే దొరుకుతుంది.

వీజీ-30 (తారు గ్రేడు) అయితే పరిచేటప్పుడు 140 డిగ్రీలకి తగ్గకూడదు, వేడి 90కి పడిపోకముందే రోలింగ్ పూర్తి కావాలి. వీజీ-40కి 150, 100. ప్లాంటు 60 కి.మీ. అవతల ఉంటే టిప్పర్ మీద టార్పాలిన్ అలంకారానికి కాదు. కోర్ (రోడ్డు నుంచి కోసిన తారు ముక్క) తీస్తే సాంద్రత, ఆ రోజు మిక్స్ గరిష్ఠ సైద్ధాంతిక సాంద్రతలో 92 శాతానికి తగ్గకూడదు. మధ్య జాయింట్ దగ్గరే అది పడిపోతుంది. 7 మీటర్ల స్క్రీడ్ (తారు సాపుగా పరిచే పలక) ఉన్న పేవర్ తెప్పించి ఒకే పట్టీలో లాగేస్తే జాయింటే ఉండదు. రెండు పట్టీల్లో అయితే మొదటి పట్టీ అంచు నిలువుగా కోసి, తారు పూసి, కింది పొర జాయింట్‌కి 300 మి.మీ. పక్కకి జరిపి వేయాలి. వెడల్పు జాయింట్ నెత్తిన బీసీ జాయింట్ పడిందంటే చీలికకి మీరే గీత గీసిచ్చినట్టు.

పెన్నా_గట్టు · 12

రోడ్లే కాదు, ఇట్టాంటి కంపెనీలే నెల్లూరు లాంటి ఊళ్ళలో భూగర్భ డ్రైనేజీ, సీసీ రోడ్లు కూడా తీసుకుంటాయి. అక్కడా రోగం ఇదే: గాడి తవ్వి, పైపు పెట్టి, తవ్వినదే పైనించి తోసేసి, మీద కాంక్రీటు. 2 మీటర్ల మట్టి వదులుగా పోస్తే 5 శాతం దిగినా 100 మి.మీ. గుంట.

క్రమం ఇదీ. గాడి 1.5 మీ. దాటితే పలకలు, దన్నులు పెట్టకుండా మనిషిని దించకూడదు, పెన్నా ఒడ్డు ఇసుక నేలలో అంతకన్నా ముందే కూలుతుంది. పైపు కింద పరుపు 100–150 మి.మీ. పైపు నెత్తి మీద 300 మి.మీ. దాకా చేత్తో దట్టించాలి, ఆ పైన 150 మి.మీ. పొరలు. చివర్లో రోడ్డు అతుకు గాడి కన్నా అటూ ఇటూ 150 మి.మీ. వెడల్పుగా కోయాలి, లేకపోతే అంచులు లోపలికి విరుగుతాయి. ప్రతి ఇంటి కనెక్షన్ పైపూ సీసీకి ముందే వేసేయాలి. కొత్త సీసీ మీద మొదటి గంటు ఇంటి కనెక్షన్‌దే. మ్యాన్‌హోల్ మూత బండ్లు తిరిగే చోట హెచ్‌డీ-20 గానీ ఈహెచ్‌డీ-35 గానీ (భారీ బరువు రకాలు), సందుల్లో పెట్టే ఎల్‌డీ-2.5 తెచ్చి మెయిన్ రోడ్డులో పెడితే వారానికే లోపలికి.

కొత్త_మెంబర్_కనిగిరి · 13

గాడిలో నీళ్ళు పెట్టి మట్టి దింపేస్తారు కదా, రోలర్ ఎందుకు?

ల్యాబ్_బాబాయ్ · 14

ఇసుకకి కొంతవరకు పనిచేస్తుంది, నీళ్ళు కిందికి పోయే దారి ఉంటేనే. బంకమట్టికి నీళ్ళు పెడితే దిగదు, బురదై ఏడాదంతా మెత్తగా ఉంటుంది. పైగా పైపు తేలి జాయింట్లు కదిలే ప్రమాదం. ఆ పద్ధతి వద్దు.

పెన్నా_గట్టు · 15

ఇంకొక్కటి. ఊళ్ళో పాత తారు గీకకుండా మీద మీద పొరలు వేసుకుంటూ పోవడం. పొర పొరకీ రోడ్డు లేచి, ఇళ్ళు పల్లమై, నీళ్ళు రైల్వే అండర్‌బ్రిడ్జిల్లో చేరతాయి. మాగుంట లేఅవుట్, విజయమహల్ గేటు దగ్గర వానొస్తే మోటార్లు ఎన్ని పెట్టినా చాలకపోవడంలో దాని పాత్ర ఉంది. మిల్లింగ్ (పాత తారు గీకడం) చేశాకే ఓవర్‌లే (కొత్త పొర) అని టెండర్‌లో రాయించాలి.

ఉప్పుగాలి · 16

కొత్తపట్నం, ఉలవపాడు తీరం వైపు సీసీ వేసేవాళ్ళకి: బోరు నీళ్ళ క్లోరైడ్ చూడకుండా కలపొద్దు. లీటరుకి 500 మిల్లీగ్రాములు దాటితే కడ్డీ ఉన్న కాంక్రీటుకి వద్దు, కడ్డీ లేనిదానికి 2,000 వరకు. అయితే సీసీ రోడ్డు జాయింట్లలో డోవెల్, టై బార్లు (పలకల్ని కలిపే కడ్డీలు) ఉంటే అదీ కడ్డీ ఉన్నట్టే లెక్క.

వేసవిలో మన ఎండకి జాయింట్ కట్టింగ్ మర్నాటికి వాయిదా వేస్తే కాంక్రీటే దాని ఇష్టమొచ్చిన చోట కోసుకుంటుంది. 6 గంటల తర్వాత గట్టిదనం చూసుకుని మొదలుపెట్టాలి, మందంలో నాలుగో వంతు నుంచి మూడో వంతు లోతు. తడి గోనెలు 14 రోజులు. సాయంత్రం పూట పోస్తే సగం తలనొప్పి తగ్గుతుంది.

పొదిలి_సబ్ · 17

అందరికీ థాంక్స్ అన్నా. కంపెనీకి లెటర్ రాస్తున్నా: మీటరు మందం ఉబ్బని మట్టి, బర్ము కింద జీఎస్‌బీ, ఒక పక్క వెడల్పు లేదా 500 లోపలికి కోత. వాళ్ళు "ముందు చేసేయ్, తర్వాత చూద్దాం" అంటే?

పాత_ఏఈ · 18

చేయొద్దు. కింద పూడిపోయినదాన్ని తర్వాత ఎవరూ కొలవరు. తవ్విన గాడి లెవెల్స్ ప్రతి 25 మీటర్లకీ తీసి, వాళ్ళ ఇంజినీరుతో సంతకం చేయించుకుని, ఎం-బుక్‌లో (కొలతల పుస్తకం) ఎక్కాకే నింపండి. రాతపూర్వక ఆదేశం లేకుండా డ్రాయింగ్ దాటి ఒక్క ట్రిప్పు కూడా పోయొద్దు. పైన కంపెనీకి హైబ్రిడ్ యాన్యుటీ కాంట్రాక్ట్ అయితే మీ మాట వినే అవకాశం ఎక్కువ. ఖర్చులో 40 శాతమే పని జరుగుతుండగా ప్రభుత్వం ఇస్తుంది, మిగతా 60 శాతం 15 ఏళ్ళ యాన్యుటీలో (వాయిదాల్లో). ఆ 15 ఏళ్ళ మెయింటెనెన్స్ కూడా వాళ్ళదే. చీలిక పూడ్చే ఖర్చు ఎవరి జేబులోంచి పోతుందో లెటర్‌లో ఒక వాక్యం రాయండి.

నల్లరేగడి · 19

లెటర్‌లో ఇంకోటి కలుపు. చైనేజీ (రోడ్డు వెంట దూరం గుర్తు) వారీగా రోడ్డు అంచున జామాయిల్, సుబాబుల్ తోటలు ఎక్కడ ఉన్నాయో రాసుకో. ఎండాకాలం వాటి వేళ్ళు కట్ట కింది తేమంతా లాగేస్తాయి, ఆ ముక్కల్లోనే ముందు చీలుతుంది. అక్కడ బర్ము మీద కూడా జిగురు ఎర్రమట్టి 150 మి.మీ. కప్పు ఉండాలి, లేకుంటే ఎండకి నెర్రెలు విచ్చి, మొదటి వానకి ఆ నెర్రెల్లోంచే నీళ్ళు నేరుగా సబ్‌గ్రేడ్‌లోకి పోతాయి. ఇంతకీ మీ 6 కి.మీ.లో తోటలు ఎన్ని చోట్ల తగులుతున్నాయి?

పొదిలి_సబ్ · 20

ఎడమ పక్క రెండు చోట్ల, కలిపి 900 మీటర్ల దాకా. వెడల్పు కుడి పక్కకి అడుగుతా.